బ్రేవ్ వెళ్ళే బస్సు

బుస్స్...స్స్.

ముందు వినిపించింది ఆ చప్పుడే. వెంటనే మా ఆవిడ గొంతు. మనిషి మాత్రం కనిపించలేదు. మా ఇద్దరి మధ్య స్నానాలగది తలుపు ఉంది.

"ఏవండీ! ఏమిటా బుస్సు?"

"బస్సే!" అన్నాను. పద్నాలుగేళ్ళుగా బస్సుల మధ్య బతుకుతున్నవాడిని. కంగారులో నోటికి వచ్చేది అదే.

"స్నానాలగదిలోకి బస్సెలా వచ్చిందండీ?"

"బస్సు కాదు... బుస్సే."

"అయితే పామా?"

"పాము కాదు!"

"పామూ కాదు, బస్సూ కాదు. అంటే బుసకొట్టింది మీరేనన్నమాట."

అవునంటే అనుమానం, కాదంటే తలుపు తీయాలి. తలుపు వెనక బకెట్టు, బకెట్టులో నా మాసిన చొక్కాలు, చొక్కాల కింద మూరెడు ఎత్తున కొంగలా మెడ వంచి నిలబడిన యంత్రం. దాని నెత్తి మీద నొక్కితే బుస్సుమంటుంది. సీసాలోని చప్పటి మంచినీళ్ళు చిటపటలాడే సోడానీళ్ళవుతాయి.

"బొద్దింకల మందు కొడుతున్నాను!" అన్నాను.

ఆ మూడు మాటలూ కలిసి నా కొంప ముంచుతాయని అప్పటికి నాకు తెలియదు.

మిమ్మల్ని నడిదారిలో ఎక్కించినట్టున్నాను. మొదటి స్టాపు నుంచి చెబుతాను.

మా ఊరి బస్సు స్టేషన్లో ప్రకటనలు చదవడం నా ఉద్యోగం. మూడు వైపులా అద్దాలున్న గది, ఒక మైకు, దాని పక్కన ఎర్ర మీట, ఎదురుగా నూట పన్నెండు ఊళ్ళ జాబితా. మీట పైకెత్తానంటే ఆరు ప్లాట్‌ఫారాల మీదా నా గొంతే. మైకు ముందు నా అంత మొనగాడు లేడు. మైకు పక్కకు జరిపితే నా అంత సిగ్గరి లేడు.

ఎంత సిగ్గరినంటే, పెళ్ళయి ఆరేళ్ళయినా మా ఆవిడను పేరు పెట్టి పిలవలేదు. "ఇదిగో" అంటాను. "విన్నావా" అంటాను. మరీ అవసరం పడితే గిన్నె చప్పుడు చేస్తాను.

"నూట పన్నెండు ఊళ్ళను పేరుపేరునా పిలుస్తారు. వాటిలో ఒక్క ఊరైనా ఎన్నడైనా మీకు కాఫీ కలిపిచ్చిందా?" అని ఆవిడ ఒకసారి అడిగింది.

"ఊళ్ళు నా మొహంలోకి చూడవు. నువ్వు చూస్తావు" అన్నాను. నిజమే చెప్పాను. దానికి ఆవిడ మొహం పక్కకు తిప్పుకుని, "ఇప్పుడు చూడటం లేదు, పిలవండి" అంది. నేను పక్కనున్న గిన్నె చప్పుడు చేశాను. ఆ ఒక్క విషయంలో ఆవిడ ఆరేళ్ళుగా నా మీద గెలవలేదు. ఓడినట్టూ కనిపించలేదు.

ఇక సోడా సంగతి. పొద్దున ఒక సీసా, మధ్యాహ్నం ఒక సీసా తాగితేగాని నా గొంతు విచ్చుకోదని నా నమ్మకం. ఆ నమ్మకమే కిందటి నెలలో నన్ను నడిస్టేషన్లో దించేసింది.

"నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్న బస్సు... బ్రేవ్!"

ఆరు ప్లాట్‌ఫారాల మీదా, అంత పెద్ద త్రేనుపు. జనం ఒక్క క్షణం ఆగారు. తరువాత ఒక ముసలమ్మ మూట చంకన పెట్టుకుని విచారణ కిటికీ దగ్గరకు వచ్చింది.

"నాయనా, ఆ బ్రేవ్ వెళ్ళే బస్సు మా అమ్మాయి వాళ్ళ ఊరి మీదుగా పోతుందా?"

"ఆ ఊరు లేదమ్మా" అన్నాను.

"లేని ఊరికి అంత గట్టిగా పిలిచావేం మరి?"

మా స్టేషన్ మేనేజరుగారు నన్ను పిలిపించారు. ప్రతి మాటకూ ఆగుతారు కాబట్టి చాటుగా మేమంతా ఆయనను బ్రేకుగారు అంటాం.

"చూడు. పైవాళ్ళు. ఒక పెట్టె. పంపుతున్నారు. అందులో. రికార్డు చేసిన గొంతు. ఉంటుంది. సోమవారం పదింటికి. తనిఖీ. జాబితా మొత్తం. తప్పు లేకుండా. చదివితే కుర్చీ నీది. లేకపోతే. పెట్టెది."

కొద్దిసేపు ఆగి, ఆ రోజు ఆయన ఒక్కటే పొడుగు మాట మాట్లాడారు: "పెట్టెకు పొట్ట ఉండదయ్యా, పొట్ట లేనిదానికి త్రేనుపు రాదు."

ఆ మాట వినగానే మా ఆవిడ ఇంట్లో సోడా నిషేధించింది. సోడా మంచిదా చెడ్డదా అని నేను లోకాన్ని వాకబు చేశాను. తాగితే ఎముకలు కరిగి కారిపోతాయన్నాడు కండక్టరు. తాగకపోతే తిన్నది తిన్నచోటే నిలిచిపోతుందన్నాడు డ్రైవరు. టికెట్ల గదిలో పనిచేసే ఆవిడ ఇద్దరి మాటా నిజమేనంది. నా బుర్ర, బ్రేకు మీదా యాక్సిలరేటర్ మీదా చెరో కాలు వేసిన బస్సులా అక్కడే ఊగింది. చివరికి మా ఆవిడ నన్ను డాక్టరుగారి దగ్గరకు లాక్కెళ్ళింది.

"గ్యాస్ ఉందా?" అన్నారు డాక్టరుగారు.

"రెండున్నాయండీ. ఒకటి వాడుతున్నాం, ఒకటి నిండుగా ఉంది."

"పొట్టలో ఉందా అని అడుగుతున్నారు!" అని మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

డాక్టరుగారు ఓపికగా చెప్పారు. "చక్కెర కలపని ఉత్త సోడానీళ్ళతో పెద్ద ప్రమాదమేమీ లేదు. ఎముకలు కరుగుతాయనేది భయమే. అందుకు ఆధారం లేదు. పళ్ళకు కూడా తీపి సోడాలు చేసేంత చెరుపు ఇవి చేయవు. కొందరికి అరుగుదల బాగుంటుంది. కొందరికి పొట్ట ఉబ్బి త్రేనుపులు, ఎక్కిళ్ళు వస్తాయి. మీరు ఆ రెండో రకం. తగ్గించండి. తాగినా నింపాదిగా గుక్కగుక్కా తాగండి."

మెట్లు దిగుతూ నేనన్నాను: "విన్నావుగా, ప్రమాదం లేదన్నారు."

"విన్నాను. తగ్గించమన్నారు."

ఒకే నోరు, ఒకే మాట. రెండు జతల చెవులకు రెండు తీర్పులు. సోమవారం దాటేదాకా సోడా ముట్టనని ఆవిడ నా చేత నూట పన్నెండు ఊళ్ళ మీద ఒట్టు వేయించుకుంది. నేను మనసులో ఒక ఊరు వదిలేసి నూటపదకొండు ఊళ్ళ మీదే వేశాను.

ఆ వదిలేసిన ఊరి దారినే యంత్రం మా ఇంటికి వచ్చింది. బకెట్టులో కాపురం పెట్టింది. ఇప్పుడు స్నానాలగది తలుపు దగ్గరకు తిరిగి వెళదాం.

"బొద్దింకల మందా! ఎంత మంచివారండీ!" అంది మా ఆవిడ బయటి నుంచి. "స్నానాలగదిలో ఏముంటాయి? వంటింట్లోకి రండి. సింకు కింద దండులు దండులుగా ఉన్నాయి."

చేసేది లేక, మొక్కలకు నీళ్ళు చిమ్మే సీసాలో సోడానీళ్ళు నింపుకుని వంటింట్లోకి నడిచాను. సింకు కింద చిమ్మాను. ఒక పెద్ద బొద్దింక తడిసి, మీసాలు దులుపుకుని, మళ్ళీ చిమ్ముతాడేమోనని ఆశగా ఆగింది.

"వాసన లేదే" అంది మా ఆవిడ.

"కొత్త రకం."

"మరక కూడా పడలేదే."

"ఇంకా కొత్త రకం."

"అవి చావడం కూడా లేదే."

"మరీ కొత్త రకం. ఇది చంపదు. వాటి మనసు మారుస్తుంది."

మా ఆవిడ తల ఊపింది. ఆ ఊపడంలో ఏదో లయ ఉంది. నేను కనిపెట్టలేకపోయాను. లోపలికి వెళ్ళి కాగితం, జిగురు తెచ్చి, నా చేతిలోని సీసా మీద గుండ్రటి అక్షరాలతో రాసి అంటించింది: "బొద్దింకల మందు. తాగరాదు."

"విషానికి పేరు రాయకుండా ఉంచకూడదండీ" అంది.

మర్నాడు ఆదివారం. గోడ అవతలి నుంచి పిలుపు. పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ ఉంది. మెడలో కొలతల టేపు లేకుండా ఆవిడను ఎవరూ చూడలేదు కాబట్టి వీధంతటికీ టేపక్క.

"అన్నయ్యగారూ! వాసన లేని మందట, మరక పడదట, వదిన చెప్పింది. మా ఇంట్లో కూడా రెండు చుక్కలు కొట్టండి. బొద్దింకలు పట్టుబట్టల మీద పాకుతున్నాయి."

వెళ్ళాను. కుట్టుమిషను కింద చిమ్మాను, బట్టల మూటల వెనక చిమ్మాను. టేపక్క నా పనితనాన్ని పొగిడింది. పై వాటాలోని లెక్కల మాస్టారికి చెప్పింది. ఆయన తన వంటింటి పొడవూ వెడల్పూ గుణించి ఎంత మందు పడుతుందో తేల్చి చీటీ పంపారు. మధ్యాహ్నానికి నేను నాలుగు ఇళ్ళ బొద్దింకలకు సోడా పోశాను. నాకు మాత్రం ఒక్క గుక్క దక్కలేదు.

జాబితా సాధన చేద్దామని పెరట్లో కూర్చున్నాను. అరవయ్యో ఊరు దాటేసరికి గొంతు ఎండిపోయింది. అటూ ఇటూ చూశాను. "తాగరాదు" అన్న సీసా మూత విప్పి, ఎత్తి గటగటా తాగాను.

గోడ అవతల బట్టలు ఆరేస్తున్న టేపక్క చేతిలోంచి తడిబట్ట జారిపోయింది.

"అయ్యో! అన్నయ్యగారు మందు తాగేశారో!"

'మందు' అన్న మాటతో వచ్చిన చిక్కు మీకు తెలియనిది కాదు. సగం వీధికి అది విషంలా వినిపించింది, సగం వీధికి ఇంకోలా వినిపించింది. సగం మంది ఏడుస్తూ వచ్చారు, సగం మంది చీదరించుకుంటూ వచ్చారు. ఎదురింటి లారీ డ్రైవరు మాత్రం ఆసక్తిగా వచ్చాడు.

"ఆదివారం, పట్టపగలు, పెరట్లో! మనిషి నెమ్మది అనుకున్నాను" అన్నారు లెక్కల మాస్టారు.

"ఉప్పునీళ్ళు పట్టండి, కక్కేస్తారు!" అంది టేపక్క, తన టేపుతో నా చేతులు కట్టేస్తూ.

"ఇది మందు కాదు!" అని అరిచాను.

"తాగినవాళ్ళంతా మొదట అనేది ఆ మాటే."

"ఉత్త సోడా!"

"సోడా కలుపుకుని మరీ తాగారా!" అన్నాడు లారీ డ్రైవరు. ఆ గొంతులో గౌరవం పెరిగింది.

ఇంతలో మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. కంగారు లేదు, కన్నీరు లేదు. సీసా తీసుకుంది. తాను రాసిన కాగితం తానే ఒకసారి చదువుకుంది. సీసా ఎత్తి రెండు గుక్కలు తాగింది.

"వదినా! నువ్వు కూడానా!" అని టేపక్క అక్కడే కూలబడింది.

మా ఆవిడ నావైపు తిరిగి, "బుస్సు తగ్గిందండీ. మీ సోడా యంత్రానికి సిలిండరు మార్చాలి" అంది.

వీధంతా నావైపు తిరిగింది. నేను సీసావైపు తిరిగాను.

"మొన్న మంగళవారం గ్యాస్ మనిషి ఫోన్ చేశాడు, 'మీ చిన్న సిలిండరు వచ్చిందమ్మా' అని. మన పొయ్యికి చిన్న సిలిండరు ఎందుకా అనుకున్నాను. స్నానాలగదిలో ఇంకో పొయ్యి వెలిగించారని తెలియదుగా."

"అంటే... నేను బస్సే అన్నప్పటికే నీకు తెలుసా?"

"అంతకు నాలుగు రోజుల ముందే తెలుసు."

"తెలిసీ నాలుగు ఇళ్ళలో బొద్దింకలకు ఎందుకు కొట్టించావు?"

"మీ పొట్టలోకి పోయేదేదో వాటి పొట్టలోకి పోతుందని."

"మరి మా ఇంట్లో బొద్దింకల సంగతో?" అని లేవబోతూ అడిగింది టేపక్క.

"వాటికి ఇక అరుగుదల బాగుంటుంది వదినా."

ఆ సాయంత్రం ఆవిడ యంత్రాన్ని బకెట్టులోంచి తీసి, కడిగి, తుడిచి, భోజనాల బల్ల నడిమధ్య పెట్టింది. "ఇక దాచుకోకండి. గొంతు మీది, పొట్ట మీది, కుర్చీ మీది. నేను వద్దనను" అంది.

అంతవరకూ నాకు ఎటు ఎగరాలో తెలుసు; వద్దన్న గోడ ఒకటి ఉండేది. ఇప్పుడు గోడ తీసేశారు. వద్దన్నప్పుడు తాగాలనిపించిన నీళ్ళు, తాగమన్నాక చూస్తే భయమేసింది. ఇది దయా, ఎత్తా? తెల్లవారేదాకా తేలలేదు.

సోమవారం పొద్దున ఆవిడే అరగ్లాసు సోడా పోసి ముందు పెట్టింది. "డాక్టరుగారు చెప్పినట్టు, గుక్కగుక్కా" అని నా చొక్కాకు బొత్తాం కుట్టడానికి లోపలికి వెళ్ళింది. అరగ్లాసుతో నూట పన్నెండు ఊళ్ళు ఎలా దాటాలి? సీసా కనిపించింది. పెట్టె గుర్తుకొచ్చింది. భయం పొంగింది. లీటరు సోడా ఎత్తిన సీసా దించకుండా తాగేశాను.

స్టేషన్ మెట్టు ఎక్కుతుంటే మొదటిది వచ్చింది. హిక్.

అద్దాలగదిలో బ్రేకుగారున్నారు. పక్కన తనిఖీ అధికారి, చేతిలో కలం. బల్ల మీద, నా మైకుకు ఎడమవైపు, తాళ్ళు కట్టిన కొత్త పెట్టె. నల్లగా, నున్నగా, పొట్ట లేకుండా.

మీట పైకెత్తాను. "ప్రయాణికులకు విజ్ఞ... హిక్... ప్తి."

బ్రేకుగారు కళ్ళు మూసుకున్నారు. నేను ఊపిరి బిగబట్టాను, ముక్కు మూసుకున్నాను, వంద నుంచి వెనక్కి లెక్కపెట్టాను. తొంభై ఏడు దగ్గర హిక్.

అధికారి గడియారం చూశారు. "ఐదు నిమిషాలు ఇస్తాను. ఆగితే మొదటి ఊరి నుంచి చదవండి. ఆగకపోతే పెట్టె విప్పుదాం."

విచారణ కిటికీలోంచి తెలిసిన గొంతు వినిపించింది. మూటతో అదే ముసలమ్మ. "ఎవరో నిన్ను తలుచుకుంటున్నారు నాయనా. వాళ్ళ పేరు పలుకు, ఆగిపోతాయి."

మునిగేవాడికి గడ్డిపరక చాలు. "మా అమ్మ" అన్నాను. హిక్. "డాక్టరుగారు." హిక్. "టేపక్క." హిక్. "బ్రేకుగారు!"

మీట దించలేదని అప్పుడు తెలిసింది. ఆ బిరుదు ఆరు ప్లాట్‌ఫారాలూ తిరిగి వచ్చింది.

"ఎవరు. అది?" అన్నారు మేనేజరుగారు.

హిక్, అన్నాను.

అప్పుడు ముసలమ్మ పక్కన మా ఆవిడ కనిపించింది. వగరుస్తోంది. ఒక చేతిలో ఖాళీ సోడా సీసా, ఇంకో చేతిలో మంచినీళ్ళ సీసా. ఖాళీ సీసా చూసి, నేనేం చేశానో గ్రహించి, వెనకాలే పరుగున వచ్చిందన్నమాట.

"నీళ్ళు!" అన్నాను.

"ఏ నీళ్ళు? బుస్సువా, ఉత్తవా?"

"ఉత్తవే! హిక్. తొందరగా!"

సీసా కిటికీ దాకా వచ్చి ఆగింది. "పేరు పెట్టి అడగండి."

"నీళ్ళనా?"

"నన్ను."

"ఇప్పుడా?"

"ఆరేళ్ళుగా అడుగుతున్నాను. మీరు కదలకుండా దొరికింది ఇప్పుడే." ఆ గొంతు పైకి నవ్వుతోంది, లోపల నవ్వడం లేదు. అది నాకు ఆరేళ్ళలో మొదటిసారి వినిపించింది. "మా నాన్న నాకు నీళ్ళ పేరే పెట్టాడుగా. ఒక్కసారి పిలిస్తే రెండూ వస్తాయి."

జాబితా వెనక ఆ పేరు రాసి అద్దానికి ఆనించి చూపించాను. ఆవిడ చదివింది. తల అడ్డంగా ఊపింది.

"రాతపూర్వకంగా వద్దండీ. ప్రకటన కావాలి."

"రెండు నిమిషాలుంది" అన్నారు అధికారి.

"పలుకు నాయనా, నా బస్సు వెళ్ళిపోతుంది" అంది ముసలమ్మ.

తరువాత జరిగింది ముందే చెప్పేస్తాను. ఎందుకంటే ఆ మాట పలికాక ఇంకో మాట పలకడం నాకిష్టం లేదు. ఎక్కిళ్ళు ఆగాయి. పేరు వల్ల అంది ముసలమ్మ. పలకడానికి పీల్చిన ఊపిరి వల్ల అన్నారు డాక్టరుగారు. ఆ వెనక తాగిన మంచినీళ్ళ వల్లేమోనని నాకు అనుమానం. మా ఆవిడను అడిగితే నవ్వుతుంది. నూట పన్నెండు ఊళ్ళూ తప్పు లేకుండా దాటాను. అధికారి తన కాగితంలో "పెట్టె అవసరం లేదు" అని రాశారు. దాని కింద, "మైకు దగ్గర నీళ్ళు ఉంచవలెను" అని కూడా రాశారు. ఏ నీళ్ళో రాయలేదు. సోడా మంచిదో కాదో నాకిప్పటికీ తేలలేదు. యంత్రం భోజనాల బల్ల మీదే ఉంది. అరగ్లాసు ఆవిడ పోస్తుంది, గుక్కగుక్కా నేను తాగుతాను.

ఇక ఆ క్షణం. మీట పైకే ఉంది. ఆరు ప్లాట్‌ఫారాలూ వింటున్నాయి. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. ఈసారి నేనూ చూశాను.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. విచారణ కిటికీ దగ్గర నీళ్ళ సీసాతో నిలబడి, నన్నే తలుచుకుంటున్న నా భార్య... సలిలా!"